ఇంటర్‌ప్రెటర్ మాట్లాడుతోందండి

కట్టిన డబ్బు వదులుకోవడం మా ఇంటావంటా లేదు. మా నాయన ఒకసారి పై ఊరికి బస్సు టిక్కెట్టు తీసుకుని, పని కింది ఊర్లోనే ఉందని దారిలో తెలిసినా దిగకుండా, టిక్కెట్టు ఉన్నంత దూరమూ పోయి, అక్కడినుంచి ఎండలో నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. నాకు రంగు మా అమ్మది వచ్చింది గానీ ఈ గుణం మాత్రం ఆయనదే.

ఈ దేశంలో వీసా రోజుల్లో ఆరోగ్యం పేరు చెప్పి సర్‌చార్జ్ అని ముందుగానే ముక్కుపిండి వసూలు చేశారు. వీసా గొడవ తీరి ఇక్కడివాళ్ళమయ్యాక సర్‌చార్జ్ పోయినా, నెలనెలా జీతంలో సర్కారు ఇన్సూరెన్స్ కోత మాత్రం పోలేదు. ఇన్నేళ్ళలో దాన్నుంచి నేను రాబట్టుకున్నది ఒక దగ్గుకు, ఒకసారి మణికట్టు బెణికినందుకు. దగ్గుకు పారాసిటమాల్ వేసుకోమన్నారు. మణికట్టుకూ అదే వేసుకోమన్నారు.

అందుకని, ఒంటరితనంతో మనసు చెడిపోయి థెరపిస్టు దగ్గరికి వెళ్ళానని ఇప్పుడు చెబితే అది నిజమే కానీ, అప్పట్లో నాకు నేను చెప్పుకున్నది అది కాదు. ఎలాగూ కట్టాం కదా, కొంతైనా వాడుకుందాం అని చెప్పుకున్నాను. ఆ సాకు లేకపోతే వెళ్ళేవాణ్ణి కాను.

అప్పటికి నేను స్లౌ అనే ఊళ్ళో, స్టేషన్‌కి నడిచిపోయే దూరంలో, ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఒక్కణ్ణే ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఇతరులు రాసిన దాంట్లో తప్పులు వెతకడం, వెతికినవి మర్యాదగా రాసి పంపడం. పని చాలావరకు ఇంటినుంచే. కొన్ని వారాల్లో నాతో గట్టిగా మాట్లాడేది సూపర్‌మార్కెట్‌లో మనమే బిల్లు కొట్టుకునే యంత్రం ఒక్కటే. సంచిలో అనుకోని వస్తువేదో ఉందని అది అరిచేది. నాకు కోపం వచ్చేది, సమాధానం కూడా చెప్పేవాణ్ణి, చుట్టూ ఎవరూ లేకపోతే.

నా భార్య డాక్టరు. రైల్లో సగం రోజు దూరంలో ఉన్న గ్లాస్గోలో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి, పాపను తీసుకుని వెళ్ళింది. మొదట ఉద్యోగం కోసమే వెళ్ళింది, తర్వాత అదే విడిపోవడం అయింది. పెద్ద పోట్లాటలేం జరగలేదు. పోట్లాడుకునేంత ఓపిక ఇద్దరికీ లేకపోయింది. పాప అక్కడి బడిలో చేరి, అక్కడి యాస పట్టేసింది. తెలుగు చాలావరకు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. అవును అనడానికి అక్కడి పిల్లల్లాగే "ఆయ్" అంటుంది.

ప్రతి ఆదివారం సాయంత్రం పాపకు ఫోన్ చేసేవాణ్ణి. వారమంతా ఆ ఫోన్ కోసమే చూసేవాణ్ణి. తీరా పాప గొంతు వినగానే నా దగ్గర మాటలుండేవి కావు.

"తిన్నావా?"

"ఆయ్."

"ఏం తిన్నావు?"

"పాస్తా."

"స్కూల్ ఎట్లుండాది?"

"ఫైన్. హౌ ఆర్ యూ, డాడ్?"

"ఫైన్ రా."

అంతే. తర్వాత ఇద్దరం ఊపిరి పీల్చుకుంటూ కాసేపు ఉండి, సరే మరి అనుకునేవాళ్ళం. నేను నిజంగా చెప్పాలంటే చెప్పాల్సింది చాలా ఉంది. కానీ అది తండ్రి కూతురికి చెప్పేదా? పసిదాని నెత్తిన ఆ బరువెందుకు అనుకునేవాణ్ణి.

ఈస్టర్ సెలవులకి పాప వచ్చి వారం ఉండి వెళ్ళింది. వెళ్ళిన కొన్నాళ్ళకు వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

"నువ్వు బాధపడతావని చెప్పకూడదనుకున్నా," అంది. "ఇకమీదట ప్రతి సెలవులకీ స్లౌ వెళ్ళాల్సిందేనా అని అడుగుతోంది."

"ఎందుకంట?"

"నాన్నతో మాట్లాడుతుంటే బ్యాంకు కస్టమర్ కేర్‌తో మాట్లాడినట్టుంటుందట. కోపం కాదు. బోర్ కూడా కాదంట. 'డాడ్ ఈజ్ నాట్ దేర్' అంది. వేసవికి ఎలాగూ ఇండియా వెళ్తున్నాం. అక్టోబర్ సెలవుల సంగతి అప్పుడు చూద్దాం. బలవంతం మాత్రం చెయ్యలేను."

ఫోన్ పెట్టేశాక నాకు ఆమె మీద కోపం వచ్చింది, పాప మీద వచ్చింది, గ్లాస్గో మీద కూడా వచ్చింది. ఆ పిల్లకు ఆడించి నవ్వించే తండ్రి కావాలేమో, నేను అలాంటివాణ్ణి కాను అనుకున్నాను. రెండు రోజులకి కోపం దిగిపోయింది. పాప అక్టోబర్‌కి రాదేమో, ఆ తర్వాత అసలే రాదేమో అనే భయం మాత్రం దిగలేదు. కడుపులో మంట మొదలైంది. కారం మానేశాను, అయినా తగ్గలేదు.

ఇక్కడ జీపీ అనే పేట డాక్టరు దగ్గరికి వెళ్ళింది కడుపుమంట కోసం. ఆయన పొట్ట నొక్కి చూసి, నిద్ర ఎలా ఉందన్నాడు, ఇంట్లో ఎవరెవరుంటారన్నాడు. ఎవరూ ఉండరన్నాను. మందు రాసిచ్చి, దాంతోపాటు మాట్లాడే వైద్యం ఒకటుంది, డబ్బు కట్టక్కర్లేదు, మీరే పేరు ఇచ్చుకోవచ్చు అన్నాడు. డబ్బు కట్టక్కర్లేదన్న మాట నాకు తిక్క తెప్పించింది. ఇంతకాలం కట్టింది ఎవరు మరి?

అయినా వెంటనే పేరు ఇవ్వలేదు. స్టాన్‌మోర్‌లో ఉండే ఒక స్నేహితుడికి ఫోన్ చేశాను. నా మొదటి ఉద్యోగంలో పక్క కుర్చీవాడు, లోకంలో ఉచితంగా వచ్చేవన్నీ తెలిసినవాడు. నాకోసం అని చెప్పలేదు. "మా ఆఫీసులో ఒకతనికి" అన్నాను.

"మొహమాటం ఎందుకన్నా అతనికి! బయట వెళ్తే గంటకి తోలు వలిచేస్తారు. మనం కట్టిందే కదా, మనం వాడుకోకపోతే ఎవడు వాడుకుంటాడు?" అన్నాడు. "ఒక్కటి చెప్పు అతనికి. కంపెనీ ఇచ్చే ప్రైవేటు ఇన్సూరెన్స్ జోలికి మాత్రం వెళ్ళొద్దను. హెచ్ఆర్‌లో కూర్చునేది మనోళ్ళే. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది."

"సరే, చెప్తాలే," అన్నాను.

"ఇంతకీ అతనిది ఏ ఊరు?" అన్నాడు. వాడి తప్పు కాదు. మనవాళ్ళు ఎవరు కలిసినా మొదటి ప్రశ్న అదే. ఊరు చెబితే ఏ వీధి, వీధి చెబితే ఎవరి తాలూకు. టీ చల్లారేలోపు మనకు తెలిసినవాళ్ళెవరో ఒకరు మధ్యలో తేలతారు.

పేరు ఇచ్చిన తర్వాత కొన్ని వారాలకు పిలుపొచ్చింది. అంతా ఫోన్లోనే, బుధవారం మధ్యాహ్నం. ఇంటర్‌ప్రెటర్ కావాలా అని అడిగితే నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా ఇంగ్లీషులో అన్నం తింటున్నవాణ్ణి, నాకు ఇంటర్‌ప్రెటరా? అక్కర్లేదన్నాను.

థెరపిస్టు చిన్న వయసు అమ్మాయి. గొంతులో తొందర లేదు. ఎలా ఉన్నారంటే ఫర్వాలేదన్నాను. నిద్ర? మేనేజ్ చేస్తున్నాను. ఆకలి? కంట్రోల్లోనే ఉంది. పాప సంగతి? దాని మీద పని జరుగుతోంది. రెండు వారాలు ఇలా నడిచింది. అటు ఆ అమ్మాయి అన్నీ ఓపికగా విని, మీరు చెప్పేదంతా ఆఫీసులో వారం వారం ఇచ్చే రిపోర్టులా ఉంది, నాకే అలా అనిపిస్తోందా అంది. చిన్నప్పుడు ఏ భాషలో ఏడ్చేవారు అని అడిగింది తర్వాత.

ఏడుపుకు భాషేమిటి నీ మొహం అనుకున్నాను మనసులో. బయటికి మాత్రం, "తెలుగు" అన్నాను.

ఈసారి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌తో ప్రయత్నిద్దామా అంది. ఈ దేశంలో తెలుగు ఇంటర్‌ప్రెటర్ అంటే తెలుగువాళ్ళే కదా. స్టాన్‌మోర్‌లో మా స్నేహితుడి ఇంటి సత్యనారాయణ వ్రతానికి ఆ మనిషి వచ్చి, ప్రసాదం ఆకు పట్టుకుని నా పక్కనే కూర్చుంటే? కానీ అక్టోబర్ దగ్గరపడుతోంది. సరే అన్నాను.

అలా ఆ గొంతు వచ్చింది. పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి. పేరు చెప్పలేదు, చెప్పకూడదట, ఒక నంబర్ చెప్పింది. తర్వాత తెలుగులో నియమాలు చెప్పింది.

"మీరు ఏం చెప్పినా 'నేను' అనే చెబుతానండి, అక్కడ వారు చెప్పినా అంతే. నా తరఫున ఏదైనా అనవలసి వస్తే 'ఇంటర్‌ప్రెటర్ మాట్లాడుతోంది' అని ముందు చెబుతాను. మనం విడిగా మాట్లాడుకోకూడదండి. ఇక్కడ విన్నది ఇక్కడే ఉండిపోతుంది."

ఆ "అండి" సాగదీసిన తీరుకే ఆవిడది గోదావరి పక్క అని నాకు తెలిసిపోయింది. నాకు తెలిసినంత తేలిగ్గా నా సంగతి ఆవిడకూ తెలిసిపోతుంది కదా అనిపించింది. మాది కడప పక్క. నోరు తెరిస్తే దాగదు. అందుకని ఒక ఉపాయం చేశాను. రేడియోలో వార్తలు చదివేవాళ్ళ తెలుగు మొదలుపెట్టాను.

మీరు పెరిగింది ఎక్కడ అని థెరపిస్టు అడిగితే విజయవాడ అన్నాను. ఊరు చెప్పడం ఇష్టంలేని వాళ్ళందరూ విజయవాడ అనే అంటారు. పెద్దావిడ ఒక్క క్షణం ఆగి, విజయవాడ అనే చెప్పింది.

"నేను కొంచెము విచారముగా ఉన్నాను. కుమార్తె దూరముగా ఉన్నందువలన అప్పుడప్పుడు మనస్సు కలత చెందుచున్నది," అన్నాను. నా జీవితంలో "చెందుచున్నది" అనే మాట నా నోటినుంచి రావడం అదే మొదలు. మా నాయన వింటే బెత్తం తీసేవాడు.

పైగా నా ఉద్యోగబుద్ధి ఊరుకోలేదు. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఆవిడ చెప్పేదాంట్లో తప్పులు వెతుకుతూ కూర్చున్నాను. "కొంచెము" అని నేనంటే ఆవిడ మామూలు విచారం చేసేసింది. ఆపి, "నేను కొంచెము అన్నాను" అన్నాను.

"ఇంటర్‌ప్రెటర్ మాట్లాడుతోందండి. పొరపాటు ఇంటర్‌ప్రెటర్‌ది. సరిచేస్తోంది," అని రెండు భాషల్లోనూ చెప్పి, నా "కొంచెం" నాకు తెచ్చిపెట్టింది. నేను గెలిచాననుకున్నాను.

తర్వాతి బుధవారం థెరపిస్టు పాప ఫోన్ గురించి అడిగింది. ఫోన్లో ఏం మాట్లాడుకుంటారని కాదు. పెట్టేశాక ఏం చేస్తారు అని.

"భోజనము చేసి విశ్రాంతి తీసుకొందును," అన్నాను.

ఆవిడ అది చెప్పింది. అటునుంచి థెరపిస్టు, పోయిన ఆదివారం ఏం వండుకున్నారు అంది. పెద్దావిడ తెలుగులో, "పోయిన ఆదివారం ఏం వండుకున్నారండి?" అంది.

ఏదో ఒక కూర పేరు చెప్పేయొచ్చు. పప్పు అంటే సరిపోయేది. కానీ ఆ ప్రశ్న ఇంగ్లీషులో వచ్చినప్పుడు ఏమీ అనిపించనిది, తెలుగులో ఆ వయసు ఆడమనిషి గొంతులో వచ్చేసరికి నాకు అబద్ధం నోటికి రాలేదు.

"ఏం వండుకోలా," అన్నాను. వార్తల తెలుగు ఎక్కడ పోయిందో పోయింది. "పాపతో మాట్లాడినాక అన్నం సయించదు. పొయ్యి ముట్టించబుద్ది గాదు. వంటింట్లో సింకు కాడ అట్లనే నిలబడుంటా. లైటు గూడా ఎయ్యను. ఎవురన్నా ఒగరు వచ్చి, ఏమయ్యా, తింటివా అని అడిగితే బాగుండు అనిపిస్తాది. ఎవురూ అడగరు. యాడనుంచి వస్తారు అడిగేకి?"

ఆవిడకు నా యాస అర్థం కాలేదేమో, ఇంటర్‌ప్రెటర్ మాట్లాడుతోందని అంటుందేమో అనుకున్నాను. అనలేదు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా పెట్టి, ఇంగ్లీషులో చెప్పింది.

"ఐ స్టాండ్ ఇన్ ద కిచెన్. ఐ డోంట్ పుట్ ద లైట్ ఆన్. ఐ విష్ సమ్‌వన్ వుడ్ ఆస్క్ మీ, హ్యావ్ యూ ఈటెన్. నోబడీ ఆస్క్స్."

నియమం ప్రకారం "ఐ" అనే అంది. కానీ ఆ గొంతులో వినేసరికి, ఎక్కడో ఒక ఇంట్లో ఆ పెద్దావిడే దీపం పెట్టుకోకుండా నిలబడి ఉన్నట్టు వినిపించింది నాకు. నా బాధ నేను చెప్పినప్పుడు రాని ఏడుపు, ఆవిడ చెబుతుంటే వచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను, మైకు ఆపడం కూడా మర్చిపోయి. ఇద్దరాడవాళ్ళు అటు ఓపికగా విన్నారు. ఏడుపుకు తర్జుమా అక్కర్లేదు కాబట్టి ఆవిడకు పని లేకుండా పోయింది. లైన్లో ఉందో లేదో అని నేనే ముక్కు చీదుకుని, "ఉండారా?" అన్నాను.

"ఆయ్. ఉన్నానండి," అంది.

గోదావరి వాళ్ళు పెద్దలకూ పరాయివాళ్ళకూ మర్యాదగా అనే మాట అది. అచ్చం మా పాప అన్నట్టే ఉంది. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది, ఈసారి కొంచెం నవ్వు కూడా.

కడుపుమంట ఆ వారం తగ్గింది. మందువల్లనే అని జీపీకి చెప్పాను.

ఆ తర్వాత బుధవారం కోసం ఎదురుచూడడం మొదలైంది. మేలు చేస్తున్నది థెరపిస్టే, అందులో అబద్ధం లేదు. ఆ అమ్మాయి నాకు ఒక పని పెట్టింది. ప్రతి ఆదివారం పాపకు మీ గురించి ఒక్క నిజం చెప్పండి, చిన్నదైనా సరే అంది. మొదటి ఆదివారం ఎంతో ధైర్యం చేసి, మా వాషింగ్ మెషిన్ చెడిపోయిందని చెప్పాను. పాప "ఓ, నో" అంది. రెండో ఆదివారం అది బాగైందని చెప్పాను. థెరపిస్టు అది కూడా మొదలే అంది, పాపం.

కానీ నేను చెవులు రిక్కించేది ఆ పెద్దావిడ గొంతుకు. ఇన్నేళ్ళలో నాతో తెలుగులో "ఎలా ఉందండి మనసుకి?" అని అడిగినవాళ్ళు లేరు. ఆ ప్రశ్న ఆవిడది కాదని, అటునుంచి వచ్చినదాన్ని ఇటు అందిస్తోందని నాకు తెలుసు. తెలిసినా ఆవిడే అడిగినట్టుండేది. ఇంగ్లీషులో ప్రశ్న అర్థమైపోయినా నోరు విప్పకుండా తెలుగులో వచ్చేదాకా ఆగేవాణ్ణి. ఆవిడ "నేను" అన్న ప్రతిసారీ అది నేనో, థెరపిస్టో అయి ఉండేది. ఆవిడ తన గురించి చెప్పుకోవాల్సి వస్తే "ఇంటర్‌ప్రెటర్" అనే అనేది, వేరే మనిషి గురించి చెబుతున్నట్టు.

ఒకసారి మాటల మధ్యలో అటు కుక్కర్ విజిల్ వేసింది. "ఇంటర్‌ప్రెటర్ క్షమించమంటోందండి," అంది. ఆ వారమంతా నేను ఆ విజిల్ గురించి ఆలోచించాను. ఒక్క మనిషికి కుక్కర్ ఎందుకు, ఇంటినిండా జనం ఉండి ఉంటారనుకున్నాను. లేదా నాలాగే రెండు పూటలకూ ఒకేసారి వండి పెట్టుకుంటోందేమో. కొడుకుతో వచ్చిందా, కూతురితోనా? ఈ వయసులో ఊరివాళ్ళందరి ఏడుపులూ "ఐ" అంటూ మోసే ఉద్యోగం ఎందుకు? మీది రాజోలా, అమలాపురమా, భీమవరమా? ఎవరైనా నా ఊరు అడుగుతారని అంత భయపడ్డవాణ్ణి, ఆవిడ ఊరు అడగాలని నాలుక చివరిదాకా వచ్చి ఆపుకునేవాణ్ణి. అడిగితే నియమం ప్రకారం ఆవిడ ఆ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చి థెరపిస్టుకు చెప్పాలి. అప్పుడు ఆ అమ్మాయి, తన ఊరే అడుగుతున్నాననుకుంటుంది. ఆ తమాషా తలుచుకుని ఒక్కణ్ణే నవ్వుకునేవాణ్ణి.

ఆవిడ మాత్రం నా ఊరు అడగలేదు. విజయవాడవాడు కడప మాట ఎలా మాట్లాడాడో కూడా అడగలేదు.

ఇలాంటి వైద్యానికి ఇన్నిసార్లే అని ఉంటుంది. వెనక వరుసలో వేచి ఉన్నవాళ్ళు చాలామంది. ఆఖరి బుధవారం వచ్చేసింది. గ్లాస్గోనుంచి అక్టోబర్ సంగతి ఇంకా ఏమీ తేలలేదు. పాప వాళ్ళమ్మ, ఈ వారం చెప్పకపోతే టిక్కెట్లు మండిపోతాయి, పాపను అడగనా, నువ్వే అడుగుతావా అని మెసేజ్ పెట్టింది. నేనే అడుగుతానని రాశాను. రాసేశాక గానీ ఎంత పెద్ద మాట అన్నానో తెలియలేదు.

థెరపిస్టు ఇంతకాలం మాట్లాడుకున్నవన్నీ ఒకసారి నెమరువేసింది. మీలో చాలా మార్పు వచ్చిందంది. పెద్దావిడ అదంతా తెలుగులో చెప్పింది. నేను వింటున్నాను గానీ, ఇంకాసేపట్లో ఈ లైను తెగిపోతుంది, ఈ గొంతు మళ్ళీ వినపడదు అన్నదే నా మనసులో ఉంది. కృతజ్ఞతలు చెప్పాను. ఆవిడకూ చెబుతున్నానని తెలిసేలా చెప్పాలనుకున్నాను, కానీ ఆవిడ దాన్ని ఇంగ్లీషు చేసి థెరపిస్టుకు ఇచ్చేసింది.

అటునుంచి అమ్మాయి అంది: "టేక్ కేర్ ఆఫ్ యువర్‌సెల్ఫ్. గుడ్‌బై."

"మీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి. ఉంటానండి," అంది పెద్దావిడ. ఇంకా పెట్టెయ్యలేదు. ఇంటర్‌ప్రెటర్ మాట్లాడుతోంది అని అనలేదు. "పెందలాడే ఇంత వండుకు తినండి బాబూ. చీకట్లో నుంచోకండి. లైటేసుకోండి."

లైను తెగింది.

థెరపిస్టు అన్నవి రెండే ముక్కలు. నాకు ఇంగ్లీషు వచ్చు కదా. తర్వాతవి ఆవిడవి. బాబూ అన్నది ఆవిడది. నియమం ప్రకారం అది తప్పే. ఇతరుల తప్పులు పట్టి బతికేవాణ్ణి, ఆ తప్పు మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ మాట నేను కట్టిన డబ్బులో లేదు.

ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏదో ఒకటి అనాల్సింది, కనీసం మీరు తిన్నారా అని అడగాల్సింది. నాకు బాగా దిగులేసింది. ఆ దిగులు పాత దిగుల్లాంటిది కాదు. ఒక మనిషి పోయిన దిగులు. ఆ మనిషికి నా దగ్గర పేరూ ఊరూ ఏమీ లేవు, ఒక నంబర్ తప్ప. అది కూడా నాకు సరిగ్గా గుర్తులేదు.

సాయంత్రం అలవాటుగా వంటింట్లోకి వెళ్ళి సింకు దగ్గర నిలబడ్డాను. కిటికీలోంచి రైళ్ళు పోవడం కనిపిస్తుంది. లోపల చీకటి పడింది. ఆదివారం దాకా ఆగితే మళ్ళీ "తిన్నావా, ఏం తిన్నావు" తోనే అయిపోతుందని నాకు తెలుసు. బుధవారమే పాపకు ఫోన్ చేశాను.

"డాడ్? ఏమైంది?" ఇంగ్లీషులోనే అడిగింది, కంగారుగా. ఆదివారం కాని రోజు నానుంచి ఫోన్ వస్తే ఎవరో పోయారనుకునే స్థితికి తెచ్చాను ఆ పిల్లను.

"ఏం లేదు రా. ఫైన్," అన్నాను. అలవాటు అంత తొందరగా పోతుందా!

"ఓకే," అంది. సెలవుల సంగతి అడగడానికి నోరు తెరిచాను. అది రాలేదు. ఇంకొకటి వచ్చింది. మా ఊరి మాటలో చెబితే పాపకు పూర్తిగా అందదు. ఆఫీసు ఇంగ్లీషులో చెబితే నాకే అందదు. నా దగ్గర ఉన్నవి, ఒక పెద్దావిడ నా కోసం ఒక్కొక్కటిగా పెట్టి ఇచ్చిన వాక్యాలు. అవే చెప్పాను, ఆవిడ చెప్పినంత నెమ్మదిగా.

"ఐ స్టాండ్ ఇన్ ద కిచెన్, కన్నా. నీతో మాట్లాడినాక. ఐ డోంట్ పుట్ ద లైట్ ఆన్. ఐ విష్ సమ్‌వన్ వుడ్ ఆస్క్ మీ, హ్యావ్ యూ ఈటెన్."

పసిదాని నెత్తిన వెయ్యకూడని బరువు వేసేశాననుకున్నాను. అక్టోబర్ పోయింది, ఇక క్రిస్మస్ కూడా పోయింది అనుకున్నాను.

"డాడ్," అంది చివరికి. "నువ్వు ఫోన్ పెట్టేశాక నేను బాత్‌రూమ్‌లో కూర్చుంటాను. అమ్మకి తెలీదు." ఇదీ ఇంగ్లీషులోనే చెప్పింది, గ్లాస్గో యాసలో, చాలా మామూలుగా. ఆ తర్వాత గొంతు సవరించుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎక్కడెక్కడో ఒత్తులు పెట్టి, తెలుగులో అడిగింది. "తిన్నావా?"

"లేదు," అన్నాను. ఫైన్ అనలేదు.

"రైట్. పుట్ ద లైట్ ఆన్, డాడ్."

వేశాను. వేసినట్టు స్విచ్ చప్పుడు ఫోన్ దగ్గర పెట్టి వినిపించమంది. ఒకసారి ఆపి మళ్ళీ వేసి వినిపించాను. పెట్టెయ్యనా అంటే వద్దు, వంట అయ్యేదాకా ఉంటానంది. ఫోన్ కిటికీ గట్టు మీద పెట్టి బియ్యం కడిగాను. అటు పాప ఏదో హోంవర్కు చేసుకుంటోంది, పెన్సిల్ గీత వినిపిస్తోంది. పప్పు ఉందా, పెరుగు ఉందా అని మధ్యమధ్యలో ఆరా తీసింది. కుక్కర్ విజిల్ వేస్తే, ఇంకెన్ని విజిల్స్ అని అడిగింది.

"అక్టోబర్‌లో వచ్చినప్పుడు ఒక రోజు నేను వండుతాను," అంది, అది ఎప్పుడో తేలిపోయిన విషయమైనట్టు.

నేను స్టవ్ తగ్గించాను.

"ఏం వండుతావు? పాస్తానా?"

"ఆయ్," అంది.